నాయన పుస్తకంలో మూడో గడి

పోయిన నెల మా తమ్ముడి కూతురు ఫోన్ చేసి, "పెద్దనాన్నా, శనివారం ఖాళీనా? ఒక బ్యాచ్ ఎంతకీ ఆరడం లేదు, ఒక్కసారి వచ్చి చూసిపో" అంది. ఆ పిల్ల రెండేళ్ళ కిందట మంచి ఉద్యోగం మానేసి అగరుబత్తుల స్టార్టప్ పెట్టింది. గుళ్ళలో వాడి పారేసే పూలు తెచ్చి, ఎండబెట్టి, పొడి కొట్టి, బొగ్గు తగ్గించి ఆ పొడి కలుపుతుంది. యూనిట్ అంటే బెంగళూరు పీణ్యాలో ఒక షెడ్డు మీద రెండు గదులు, అంతే. కింద లేత్ మిషన్ల రొద. ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు.

ఇనప మెట్లు సగం ఎక్కానో లేదో వాసన తగిలింది. సెంటు వాసన కాదు, అదైతే ఎవరి దేవుడి గదిలోనైనా వస్తుంది. సెంటులో ముంచకముందు, ఇంకా తడి ఆరని ముడి బత్తి వాసన. నానిన బొగ్గుపొడి, చెక్కపొడి జిగురు, అడుగున కాస్త పచ్చి వెదురు. ముప్పై ఏళ్ళు దాటింది నేను ఆ వాసన పీల్చి. రెయిలింగ్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

పైనుంచి పిల్ల తొంగి చూసి, "ఏమైంది పెద్దనాన్నా, మోకాలా?" అంది.

"ఆ, మోకాలే" అన్నాను.

*

మాది హిందూపురం పక్కన పల్లె. వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్ళలో నాయన ప్యాసింజర్ రైలెక్కి బెంగళూరు వచ్చి, ఒక ఊదుకడ్డీల కార్ఖానాలో గుమాస్తాగా కుదిరాడు. అగరుబత్తి అనే మాట మా ఇంట్లో బిల్లు పుస్తకాల మీద తప్ప వినపడేది కాదు, నోట్లో ఎప్పుడూ ఊదుకడ్డీలే. అక్కడ ఆరేడేళ్ళు చేసి, సరుకు ఎక్కడ దొరుకుతుందో, ఎవరు అప్పు ఎగ్గొడతారో తెలుసుకుని, సొంతంగా మొదలుపెట్టాడు. మూలధనం అమ్మ వైపు వాళ్ళ చీటీ డబ్బు. ఆఫీసు మాగడి రోడ్డు వెనక మేమున్న వఠారం. ఒకే వాకిలి, వరసగా ఏడు ఇళ్ళు, చివర రెండు బచ్చలిళ్ళు, మధ్యలో కొళాయి. అందులో మా వాటాకి వచ్చిన ముందుగది గోడౌను. మేము నలుగురం వెనక గదిలో.

పొద్దున మిల్లు సైరన్‌కి లేచేవాళ్ళం. బిన్నీ మిల్లు కూత మా గోడ గడియారం. అది కూసిన కాసేపటికి ఒక్కొక్కరే వచ్చేవాళ్ళు, పిండి తీసుకుపోవడానికి. బొగ్గుపొడి, చెక్కపొడి, రంపపుపొడి కలిపి నీళ్ళు పోసి తొక్కిన నల్లటి ముద్దని పిండి అనేవాళ్ళం. తూచి పిండి, తూచి పుల్లలు. ఇంటికి తీసుకెళ్ళి, గడప దగ్గర వెలుతురులో చిన్న పలక ముందేసుకుని కూర్చునేవాళ్ళు. ఎడమచేత్తో పుల్ల, కుడి అరచేతి కింద పిండి. ఒక్క తోపుకి పుల్ల చుట్టూ పిండి పట్టుకోవాలి, కింద పట్టుకునేంత పుల్ల వదలాలి. ఒక గడప దగ్గర సర్ మంటే పక్క గడపలో సర్. మధ్యాహ్నం పూట ఆ సందులో నడిస్తే చెట్టు లేకుండానే ఆకులు కదులుతున్నట్టు ఉండేది.

పేర్లు ఎవరికీ లేవు మా ఇంట్లో. కడప అత్త, దర్జీ వాళ్ళ అక్క, కిటికీ అవ్వ. పాదరాయనపుర నుంచి బురఖా వేసుకుని వచ్చే ఆమెని అమ్మ "వదినా" అనేది, ఆమె అమ్మని "ఆపా" అనేది. తెలుగు, కన్నడం, తమిళం, దక్ఖనీ, నాలుగూ కలిపి ఒకే వాక్యంలో బేరం. నాకు ఏ మాట ఏ భాషదో స్కూల్లో చేరాక గానీ తెలియలేదు.

సాయంత్రం ఎండిన కట్టలు వచ్చేవి. తడి కడ్డీ ఎక్కువ తూగుతుంది కాబట్టి తూకంలో తగువులు తప్పవు. నాయన దానికి ఒక పద్ధతి పెట్టాడు. బాగా ఆరిన వెయ్యి కడ్డీలు తానే కూర్చుని లెక్కపెట్టి, ఎర్ర దారంతో కట్టి, తక్కెడ ఒక పళ్ళెంలో పెట్టేవాడు. ఎవరు తెచ్చిన వెయ్యి అయినా దానితో సరితూగాలి. బరువెక్కువైతే తడి, తక్కువైతే లెక్క తప్పు. ఆ ఎర్ర దారపు కట్టని ముట్టుకుంటే మాత్రం మాకు వీపు చిట్లేది.

*

వెదురు పుల్లలు త్రిపుర నుంచి వచ్చేవి. కలాసిపాళ్యం పార్శిల్ ఆఫీసు నుంచి చీటీ రాగానే నాయన సైకిల్, వెనక నేను. స్కూల్ అట్లాసులో త్రిపుర వెతికాను ఒకసారి. మూడు వైపులా బంగ్లాదేశ్. ఎవరో ఒకాయన అక్కడ వెదురు చీల్చి, ఎండబెట్టి, కట్టకట్టి పంపితే, మాగడి రోడ్డులో కడప అత్త దానికి పిండి తోస్తే, ఇంకెక్కడో ఒక ముసలామె దాన్ని అరటిపండులో గుచ్చుతుంది. ఇప్పుడు ఇలాంటిదాన్ని సప్లై చెయిన్ అంటూ బొమ్మలు గీసి చూపిస్తారు. నాకైతే ఆ పేజీలో త్రిపుర మీద పెన్సిలుతో పెట్టిన చుక్క గుర్తు.

చెక్క మాత్రం మనవైపుదే. నరమామిడి బెరడు. ఈ చెట్టు పేరు చాలామంది విని ఉండరు. దాని బెరడు ఎండబెట్టి పొడి కొట్టి నీళ్ళు చల్లితే బంకలా సాగుతుంది. అది లేకపోతే బొగ్గుపొడి పుల్లని పట్టుకోదు. తూర్పు కనుమల ఏజెన్సీలో గిరిజనులు తీసి తెస్తే, గిరిజన సహకార సంస్థ కొనే సరుకుల్లో అదీ ఒకటి. సంస్థది కాక, వ్యాపారుల చేతులు మారి కూడా బెంగళూరు చేరేది. మాకు అలా చేతులు మారినదే వచ్చేది.

నాయన చెక్క కొనేటప్పుడు చూడాలి. గోతం మూతి విప్పి, పైది కాదు, మోచేతి వరకు చెయ్యి పెట్టి అడుగు నుంచి ఒక ముక్క లాగేవాడు. బొటనవేలు పక్కన పెట్టి మందం చూసేవాడు. అంచు కొరికి, నమిలి, రెండు వేళ్ళ మధ్య ఉమ్మి సాగదీసి చూసేవాడు. దారంలా సాగితే సరుకు. మొదట్లో ముక్కలు బొటనవేలి మందం ఉండేవి. నేను హైస్కూలుకొచ్చేసరికి చిటికెన వేలి మందం. కాలేజీకొచ్చేసరికి రేకులు.

"లేత చెట్లు కొట్టేస్తాండారప్పా" అన్నాడు నాయన ఒకరోజు ఆ వ్యాపారితో. చెట్టు చుట్టూ బెరడు ఒలిచేస్తే చెట్టు చస్తుంది, పెద్ద చెట్లు అయిపోయాక పిల్ల చెట్ల మీద పడ్డారు. అప్పటినుంచి మందం చెక్కకి మణుగు మీద కాస్త ఎక్కువిచ్చి, రేకులు వెనక్కి పంపేవాడు. దీన్ని పట్టుకుని మా నాయనని పర్యావరణ ప్రేమికుణ్ణి చెయ్యను. లేత బెరడులో జిగురు తక్కువ, పిండి రాలిపోతుంది, ఆయన బాధ అది. కానీ ఆ గోతంలో చెయ్యి పెట్టి అడవి ఎలా ఉందో చెప్పగలిగేవాడు. అడవి ఎన్నడూ చూడకుండానే.

బొగ్గు దగ్గర ఈ బెంగే లేదు. సర్కారు తుమ్మ. ఎంత నరికితే అంత మొలుస్తుంది, ఊళ్ళో చెరువులన్నీ అదే. "దేవుడు జిగురు చెట్టుకు ఈ మొండితనం ఇచ్చింటే ఎంత బాగుండు" అనేవాడు.

*

ఇక ఆ పుస్తకం. పొడుగాటి ఎర్ర అట్ట ఖాతా పుస్తకాలు, అవెన్యూ రోడ్డులో కొనేవాడు, ఏడాదికి ఒకటి. పేజీకి మూడు నిలువు గడులు గీసుకునేవాడు స్కేలు పెట్టి: ఇచ్చింది, వచ్చింది, పోయింది.

ఇచ్చింది, వచ్చింది అందరూ రాసేవే. పోయింది ఆయన సొంతం. ఇప్పుడు నా ముందున్న పుస్తకం నుంచి ఉన్నది ఉన్నట్టు కొన్ని:

పుల్లలు విరిగినవి రెండు కట్టలు, పొయ్యిలోకి.
గోతాలు 11. తొమ్మిది తిరిగి ఇచ్చినాము. రెండు ఎలుకలు.
వంకర కడ్డీలు రెండు వేలు, నూరి మళ్ళా పిండిలోకి.
ఊడ్చిన పొడి ఒక తట్ట, జల్లెడ పట్టి ధూపానికి.
సెంటు కారినది, ట్రే తుడిచిన గుడ్డ దేవుని పెట్టెలోకి.
వాన. ఒక దినము.

పోయింది అని రాసి వదిలేసేవాడు కాదు, ఎక్కడికి పోయిందో కూడా రాయాలి. సెంటు తుడిచిన గుడ్డ అమ్మ బట్టల పెట్టెలో పెట్టడం వల్ల నా స్కూలు చొక్కాలు మొగలిరేకు వాసన కొట్టేవి, క్లాసులో నా పేరు మొగలి. అది ఏ గడిలోనూ రాయలేదు.

ఒకసారి అడిగాను, ఎలుకలు కొట్టిన గోతం కూడా రాయాలా అని. "పోయినదాన్ని రాసుకోకపోతే ఉన్నదాన్ని ఎట్ల లెక్క పెడతావురా?" అన్నాడు.

ఆ గడిలోనే, దాదాపు రోజూ కనిపించే ఒక పద్దు: కాఫీ బైటూ 1.

బెంగళూరులో ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఒక కాఫీ అడిగి రెండు లోటాల్లో పోయించుకోవడం. పార్టీ వచ్చినా, ట్రాన్స్‌పోర్ట్ గుమాస్తా వచ్చినా, బ్యాంకు ఆయన వచ్చినా నాయన మిల్లు మలుపులో హోటలుకి తీసుకెళ్ళి బైటూ చెప్పేవాడు. ఫుల్ కాఫీ రెండు రూపాయలున్న రోజులు. రెండు కాఫీలు చెప్పడం నేను చూడలేదు. "మాట కుదరడానికి అర కాఫీ చాలు, కుదరకుంటే అదీ దండగే" అనేవాడు. పక్కనున్న నాకు సిగ్గుగా ఉండేది. ఆ వయసులో నాన్న చేసే ప్రతి పనికీ సిగ్గే కదా.

*

మా తమ్ముడి కూతురు మాటల్లో "బర్న్ రేట్" అని పదిసార్లు వస్తుంది. స్టార్టప్ వాళ్ళ లెక్కలో అది నెలకి చేతిలోంచి ఎంత డబ్బు కాలిపోతోందో చెప్పే అంకె. మొదటిసారి విన్నప్పుడు నవ్వాగలేదు నాకు. మా నాయన రోజూ బర్న్ రేట్ చూసేవాడు, గోడౌను మూలలో, హెచ్ఎంటీ వాచీ పెట్టుకుని.

ఒక్కో లాట్ నుంచి మూడు కడ్డీలు తీసి, ఇసుక డబ్బాలో గుచ్చి వెలిగించేవాడు. ముప్పై అయిదు నిమిషాలు కాలాలి. ముప్పైలోపు అయిపోతే పిండి పలచగా తోశారు. నలభై దాటితే తడి, లేదా చెక్క ఎక్కువ. మధ్యలో ఆరిపోతే బొగ్గు నాసి. బూడిద రాలకుండా కొక్కెంలా వంగి నిలబడితే మొహం వెలిగేది. ఆ ముప్పై అయిదు నిమిషాలూ ఎవరూ తలుపు తియ్యకూడదు, గాలికి లెక్క తప్పుతుంది. నేనూ తమ్ముడూ గుమ్మం బయట లెక్కల హోంవర్కు చేసుకునేవాళ్ళం. లోపల ఆయన ఏమీ చేసేవాడు కాదు. పొగని చూస్తూ కూర్చునేవాడు. ఆయన ఖాళీగా కూర్చోవడం చూసింది అప్పుడే.

*

మా కథలో అసలు వ్యాపారస్తురాలు కిటికీ అవ్వ అని నా నమ్మకం. కిటికీలోంచి పిండి అందుకుని కిటికీలోంచే కట్టలు ఇచ్చేది, మడి కాబోలు అనుకునేవాళ్ళం. తర్వాత తెలిసింది, లోపలికొస్తే మాటల్లో పడి పది నిమిషాలు దండగని.

మొదట ఒంటరిగా తోసేది. తర్వాత కోడలికని ఇంకో వాటా పిండి అడిగింది. తర్వాత పక్కింటామెకి. రెండేళ్ళు తిరిగేసరికి పదకొండు ఇళ్ళకి ఆవిడే పిండి తీసుకెళ్ళి, ఆవిడే కట్టలు తెచ్చి, వెయ్యికి ఇంత అని తన వాటా తీసుకునేది. చదువు రాదు. ఇంటి గోడ మీద బొగ్గుతో గీతలు, ఒక్కో ఇంటికి ఒక్కో బొమ్మ. చెంబు బొమ్మ ఒకరిది, మేక ఒకరిది. తడి కట్ట తెచ్చినవాళ్ళ బొమ్మ పక్కన ఒక చుక్క. మూడు చుక్కలు పడితే పిండి బంద్. దీపావళికి గోడకి సున్నం వేసేలోపు అందరి బాకీలూ తీర్చెయ్యాలి, ఎందుకంటే సున్నం వేస్తే లెక్క పోతుంది. ఏడాది చివర ఖాతాలు ముయ్యడానికి ఇంతకంటే గట్టి పద్ధతి నేను ఏ కంపెనీలోనూ చూడలేదు.

ఒక దసరా ముందు, సరిగ్గా సీజన్లో, వేరే కార్ఖానావాళ్ళు వెయ్యికి యాభై పైసలు ఎక్కువిస్తామంటే పదకొండు ఇళ్ళనీ తీసుకుని వెళ్ళిపోయింది. నాయన వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. వారం తర్వాత అన్నం తింటూ, "నేనైనా అదే చేస్తాంటి" అన్నాడు. సంక్రాంతికి ఆవిడ తిరిగొచ్చింది, అదే కిటికీ, అదే గొంతు. నాయన యాభై పైసలు పెంచాడు, ఆవిడకి ఒక్కదానికే కాదు, అందరికీ.

*

బూజు సంగతి చెప్పక తప్పదు.

పేరున్న ఒక కంపెనీ పెద్ద ఆర్డరు ఇచ్చింది, మేము ఎప్పుడూ చెయ్యనంత. సెంటు వాళ్ళది, పేరు వాళ్ళది, ముడి బత్తి మాది. నాయనకి బెదురుగానే ఉంది. అమ్మ మాత్రం, ముందుగది ఖాళీ చేసి వేరే షెడ్డు తీసుకోవచ్చని సంబరపడింది. దీపావళికి సరుకు కావాలి. ఆ ఏడు వాన ఆగలేదు. ఎండ లేదు. మంచాల మీద, తలుపుల మీద, వఠారంలో అందరి దండేల కింద కడ్డీలు పరిచాం. ఆఖరికి మేము పడుకునే గదిలో బొగ్గుల కుంపట్లు పెట్టి ఆరబెట్టాం, తెల్లారేసరికి అందరికీ తలనొప్పి. అలా కుంపటి పెట్టుకుని తలుపేసుకుంటే ప్రాణాలు పోతాయని అప్పుడు మాకెవరికీ తెలియదు. వఠారం తలుపులకి సందులు ఎక్కువ కావడం మా అదృష్టం.

కడ్డీ ఆరిందో లేదో చెప్పడానికి విరవాలి. ఆరితే టక్ మంటుంది. తడి ఉంటే వంగి, మెత్తగా చిట్లుతుంది, చప్పుడు రాదు. చివరి లాట్ పెట్టెల్లో సర్దుతుంటే నాయన ఒకటి విరిచాడు. నేను పక్కనే ఉన్నాను. చప్పుడు రాలేదు. ఇంకోటి విరిచాడు. రాలేదు. లారీ బయట హారన్ కొడుతోంది. మూడోది విరవకుండా పెట్టె మూసేశాడు.

మూడు వారాలకి పెట్టెలు తిరిగొచ్చాయి. విప్పితే నల్ల కడ్డీల మీద తెల్లటి నూగు, పిల్లి పిల్ల బొచ్చులా. చివరి లాట్ పోతే పోయింది, బాగున్న ముందు లాట్ల డబ్బు కూడా ఆపేశారు. ఏడు నెలలు తిరిగాడు నాయన ఆ ఆఫీసు చుట్టూ. పోయేటప్పుడు ఇస్త్రీ చొక్కా, వచ్చేటప్పుడు చొక్కా చేతులు మడిచి ఉండేవి.

చిన్న పరిశ్రమలకి బాకీ ఆలస్యమైతే వడ్డీ ఇవ్వాలని 1993లోనే చట్టం వచ్చింది. 2006 చట్టంలో నలభై అయిదు రోజుల గడువు, ఆపైన బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ పెట్టారు. 2024 ఏప్రిల్ నుంచి అయితే గడువులోగా చిన్నవాళ్ళకి డబ్బు కట్టని కంపెనీకి, కట్టేదాకా ఆ ఖర్చు ఇన్‌కమ్ టాక్స్ లెక్కలో చూపించుకునే వీలు లేదు. ఇవన్నీ మా తమ్ముడి కూతురికి కంఠతా వచ్చు. నాయన బతికుంటే ఓపిగ్గా అన్నీ విని, "కేసు పెట్టినోనికి మళ్ళా ఆర్డరు ఎవరిస్తారమ్మా?" అనేవాడు.

శనివారం కూలి మాత్రం ఆగలేదు. చీటీ పాడి ఎత్తుకున్నాడు, ఇరవై వేల చీటీ పద్నాలుగు వేలకి. అమ్మతో గొడవైంది. బూజు పట్టిన కడ్డీలకి కూలేంటి అంది అమ్మ, ఆవిడ అనడంలో తప్పేమీ లేదు. "వాళ్ళు తోసింది బానే తోసినారు. పెట్టె మూసింది నేను" అన్నాడు. పుస్తకంలో ఆ పేజీ ఉంది. ఇచ్చింది గడిలో కూలి. పోయింది గడిలో: బూజు. అంత పెద్ద నష్టానికి ఒక్కటే మాట, ఎక్కడికి పోయిందో రాయలేదు. రాయడానికేమీ లేదు మరి, గుంట తీసి పూడ్చిపెట్టాం.

*

నాకు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం వచ్చిన రోజు నాయన నన్ను హోటలుకి తీసుకెళ్ళాడు. డిగ్రీ అయ్యాక ఏడాదిగా షెడ్డు తీసుకుందామని, నువ్వు లెక్కలు చూస్తే నేను సరుకు చూస్తానని అంటూ ఉన్నాడు. నేను అవునూ కాదూ అనకుండా తప్పించుకుంటూ ఇంటర్వ్యూలకి తిరిగాను. ఆ లెటర్ జేబులో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. హోటల్లో రేడియో, గ్లాసుల చప్పుడు, మిల్లు షిఫ్టు దిగిన జనం. కాఫీ వచ్చింది. లెటర్ తీసి ఇచ్చాను. ఇంగ్లీషు, ఆయనకి రాదు, అయినా అంకె ఉన్న చోట వేలు పెట్టి చూశాడు.

"నెలనెలా ఇస్తారా?"

"ఒకటో తారీఖు నాయనా."

"అడగకుండానే?"

"అడగకుండానే."

లెటర్ మడతల ప్రకారం మడిచి తిరిగిచ్చాడు. "మంచిది" అన్నాడు. ఇంకేం మాట్లాడుకున్నామో గుర్తులేదు. కాఫీ వేడిగా ఉందని మాత్రం గుర్తు.

ఆ తర్వాత పదేళ్ళకి పైగా నడిపాడు. కడ్డీలు తోసే మిషన్లు వచ్చాయి, మొదట కాలితో తొక్కేవి, తర్వాత కరెంటువి. నిమిషానికి నూటాభైకి పైగా ఉమ్మేసేవి. మిషన్‌కి గుండ్రటి పుల్ల కావాలి. త్రిపుర నుంచి వచ్చే చేతిపుల్ల పలకలుగా ఉంటుంది, మిషన్ నోట్లో ఇరుక్కుపోతుంది. దాంతో గుండ్రటి పుల్ల చైనా, వియత్నాంల నుంచి దిగింది. కొన్నాళ్ళకి పిండి తోసిన ముడి బత్తే వియత్నాం నుంచి ఓడల్లో వచ్చేసింది. ప్రభుత్వం 2019లో అగరుబత్తి దిగుమతికి కళ్ళెం వేసి, 2020లో వెదురు పుల్ల మీద సుంకం పది శాతం నుంచి ఇరవై అయిదుకి పెంచేసరికి నాయనా లేడు, మా సందులో పలక ముందేసుకుని కూర్చునేవాళ్ళూ లేరు. కడప అత్త దగ్గు ఎక్కువై ఊరికి వెళ్ళిపోయింది. ఆ దగ్గుకి మా బొగ్గుపొడి కారణమా అని అప్పుడు ఎవరం అడగలేదు. మూతికి గుడ్డ కట్టుకోమని అమ్మ చెప్పేది, ఊపిరాడదని కట్టుకునేవాళ్ళు కాదు, అంతటితో సరి.

*

పీణ్యా మేడ మీద పిల్ల ట్రేలోంచి కడ్డీ తీసిచ్చింది. విరిచాను. చప్పుడు రాలేదు. "ఇంకా రెండు రోజులు, ఫ్యాన్ కింద. తొందరపడి ప్యాక్ చెయ్యకు" అన్నాను. గుడి పూల పొడి తేమ లాగుతుంది కాబోలు. జిగురు సంగతి అడిగితే, నరమామిడి మానేసి గోరుచిక్కుడు జిగురు వాడుతున్నానంది. ఏటేటా పండే పంట కాబట్టి చెట్టు చంపక్కర్లేదట. తోయడం మిషన్ మీదే, సర్దడానికి నలుగురు ఆడవాళ్ళున్నారు, నెల జీతం, పీఎఫ్.

వచ్చే నెల పెట్టుబడి పెట్టేవాళ్ళ ముందు మాట్లాడాలట, తాత పుస్తకాలు చూపించమని రెండు వారాలుగా వెంటపడుతోంది. మర్నాడు ఇంటికొచ్చింది. అటక మీంచి తొమ్మిది పుస్తకాలు దించాను. మూడో గడి చూసి ఎగిరి గంతేసింది. "జీరో వేస్ట్! తాత అప్పుడే చేశాడు పెద్దనాన్నా!" అని ఫోన్‌తో ఫోటోల మీద ఫోటోలు. తర్వాత కాసేపు మొదటి గడి చూస్తూ ఉండిపోయింది.

"వెయ్యికి ఏడు రూపాయలు. రోజుకి ఎన్ని తోసేవాళ్ళు?"

"పది గంటలు కూర్చుంటే నాలుగు వేలు."

ఫోన్‌లో లెక్క కట్టింది. "గంటకి రెండు రూపాయల ఎనభై పైసలు. అప్పుడు కాఫీ ఎంత?"

"రెండు."

ఏమీ అనలేదు. నాకూ ఏం చెప్పాలో తెలియలేదు. ఆ రోజుల్లో ఆ రేటు తక్కువేం కాదు, అందరికంటే పైసా ఎక్కువే ఇచ్చాడు, శనివారం తప్పలేదు. అవన్నీ చెప్పొచ్చు. చెప్పలేదు. స్కూల్ నుంచి రాగానే పుస్తకాల సంచి పక్కన పడేసి తల్లి పక్కన కూర్చుని కడ్డీలు తోసే పిల్లలు కళ్ళ ముందు కదిలారు. వాళ్ళు తోసినవి కూడా ఆ నాలుగు వేలల్లోనే ఉన్నాయి.

మాట మార్చడానికి కాదు గానీ, నాకు ఇంకో పేజీ చూడాలనిపించింది. ఉద్యోగం లెటర్ ఇప్పటికీ ఫైల్లో ఉంది, తారీఖుతో సహా. ఆ ఏటి పుస్తకం తీసి పేజీలు తిప్పాను. ఏమైనా రాశాడేమో అని. నా గురించి, షెడ్డు గురించి.

చెక్క నాలుగు గోతాలు. బొగ్గు. దర్జీ వాళ్ళ అక్కకి అడ్వాన్సు. విరిగినవి ఒక కట్ట, పొయ్యిలోకి. కింద: కాఫీ 2.

పిల్ల భుజం మీంచి చూస్తోంది. "రోజూ బైటూ అని ఉంది కదా. ఇక్కడ బైటూ రాయడం మర్చిపోయాడా తాత?"

పక్కన అంకె చూశాను. 4-00.